కొలతకు సబ్బుముక్క

ఎర్రగుంట్ల దాటి ఎడమకు తిరిగి,
సిమెంటు లారీల బూడిద తిన్న తుమ్మచెట్ల మధ్య నుంచి
గని అంచుకు చేరేసరికి పదకొండు.
నీడ ఒక్కచోటే, నిలబెట్టిన బండల సందున.
అక్కడే దస్తగిరమ్మ సద్దిమూట.
అక్కడే నా ల్యాప్‌టాప్.

నా ఉద్యోగం చెప్తే నవ్వుతారు గానీ,
అంగారకుడి మీద అరచేతి మందం రాతిని
మూడేళ్లుగా చదువుతున్నాను.
ముట్టుకున్నది లేదు.
సుత్తితో తట్టి చెవి ఒగ్గింది లేదు,
నాలుక్కి తాకించి బంకమన్నో ఇసుకో తేల్చింది లేదు.
అక్కడ పాకుతున్న చక్రాల బండి
పంపిన బొమ్మలు, అంతే.

దస్తగిరమ్మకు సుత్తి మొన ఆనిస్తే చాలు.
బండ పలికిన తీరుని బట్టి చెప్పేస్తుంది,
ఎక్కడ పొర విడుతుందో, ఎక్కడ మొండికేస్తుందో.
కంగుమంటే నాలుగడుగుల పలక.
బొద్దుమంటే లోపల పగులు.
ఐదేళ్లు చదివి నేను రాసిన పరీక్షల్లో
ఈ ప్రశ్న రాలేదు.

తెర మీది బొమ్మను వంగి చూసింది.
"యాడిదిమా ఈ బండ? నిడుజివ్విదా?
రంగు జూస్తే మన పక్కది గాదే."
చెప్పాను.
ఆకాశం వైపు తల ఎత్తలేదు. బొమ్మనే చూసింది.
"కూలోళ్లు ఒగరూ కనపడరే."
మనిషి ఇంకా పోలేదక్కా, బండి ఒకటే పోయింది.
"బండి బోయినంక దోవ పడినట్లేలే."

ఆ రాతి మీద గీతలున్నాయి, సన్నగా, వరసగా,
దువ్విన తడి జుట్టులా.
గీత ఒకవైపే వాలితే అది పారిన నీరు.
రెండువైపులా ఒకే వాలైతే
గాలికి అటూ ఇటూ ఊగిన లోతులేని మడుగు.
ఇది రెండోది, అన్నాను.
ఇంతకంటే పెద్ద మాట నా వృత్తిలో లేదు:
ఇక్కడొకప్పుడు మడుగుంది,
దాని మీద మంచు మూత లేదు,
గాలి దాన్ని తాకింది.

"ఆ నీళ్లేమైనాయి?"
కొన్ని ఆవిరై పోయాయి. కొన్ని రాళ్లే తాగాయి.
కొన్ని నేల కింద గడ్డకట్టి ఉన్నాయంటారు.
"ఎన్నడుగులకు?"
నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.
"మాకు ఎనిమిదొందలకు దుమ్ము ల్యాసింది.
ఇంగో నూరు దించమన్యాడు బోరోడు.
దించలా."

పొద్దు వాలాక నన్ను గని వెనక్కి తీసుకుపోయింది.
పాలిషుకు లొంగని బండల కుప్ప అది,
గీరరాయి అని మేస్త్రీ తోసేసినవి.
ఒకటి తిరగేశాను. ఇంకొకటి.
అవే గీతలు.
వంద కోట్ల ఏళ్ల కింద
కడప మీద సముద్రం ఉన్నప్పటి ఏదో ఒక పూట,
లారీకి పనికిరాక మిగిలింది.
కూచుండిపోయాను.
"ఇట్లాంటిది మా ఇంట్లో ఉండాది, రా."

దొడ్లో, బిందెల పక్కన,
ఏటవాలుగా వేసిన బట్టలుతికే బండ.
"నున్నటి దాని మింద మురికి పోదుమా.
దీనికి గీరలుండాయి, పట్టుకుంటాది."
చిన్నోడి బడి చొక్కా కాలరు రుద్దుతోంది.
నురగ ఒక గీతలో దిగి, ఆగి,
పక్క గీతలోకి దొర్లింది.
సముద్రం పోయి ఇన్నాళ్లకు
చెంబెడు నీళ్లు,
అదీ ట్యాంకరువి.

ఫొటో తీసేటప్పుడు రాతి పక్కన ఏదో ఒకటి పెడతాం,
ఎంత పెద్దదో తెలియడానికి, నాణెమో సుత్తో.
అంగారకుడి మీద పెట్టే చెయ్యి లేదు,
లెక్క కట్టుకుంటాం.
జేబులు తడుముకున్నాను. ఫోనుతోనే డబ్బులిచ్చే రోజులు,
రూపాయి బిళ్ల దొరకలేదు.
ఆమె తన సబ్బు పెట్టింది,
అరిగినది, నీలంది, వేలిముద్ర పడినది.

నివేదికలో పదిహేడో బొమ్మ కింద రాశాను:
అలల గుర్తులు, ఎర్రగుంట్ల దగ్గర.
కొలతకు సబ్బుముక్క.
సారు అది కొట్టేసి సెంటీమీటర్లు వెయ్యమన్నాడు.
వేశాను.
సబ్బును మాత్రం
కొట్టేయలా.